ఊలాంగ్ టీ మాడు వాసన వస్తే పాడైనట్టా? బొగ్గుల సెగ సంగతి కాస్త వివరంగా

చెల్లెమ్మా, ముందు ఆ డబ్బా పారెయ్యకండి. మీరు రాసింది ఇదీ: తమ్ముడు చైనాలో ఫూజౌలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు, సెలవులకి వస్తూ దా హోంగ్ పావ్ అనే ఊలాంగ్ టీ డబ్బా తెచ్చాడు, మూత తియ్యగానే మాడు వాసన కొట్టింది, మన టీ పెట్టుకున్నట్టే నీళ్లలో వేసి ఐదు నిమిషాలు మరిగిస్తే నల్లగా కషాయంలా దిగింది, పాలు పోసి పంచదార వేస్తే ఇంకా అన్యాయంగా తయారైంది. ఇది పాడైన సరుకా, పొగబెట్టిన టీయా, లేక పిల్లాడికి ఎవరైనా అంటగట్టారా అని మీ అనుమానం. మీరు చెప్పిన గుర్తుల్లో సరుకు చెడిందనడానికి నాకేమీ కనిపించలేదు, తేడా అంతా పెట్టిన పద్ధతిలోనే ఉంది. బొగ్గుల సెగ మీద కాచిన టీకి ఆ వాసన ఉంటుంది, ఉండాలి కూడా. ఆ వాసన వెనక ఆకు మిగిలుందా లేదా అన్నదే చూసుకోవాలి, మిగతాదంతా నేను చెప్పేది దాని గురించే.

మాది ఒంగోలు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయి ఎగుమతి పని మీద 14 ఏళ్లుగా ఏటా రెండు మూడు సార్లు షియామెన్‌కి, అక్కణ్నుంచి షుయ్‌టౌ అనే ఊరికి వెళ్లొస్తున్నాను. ఇవి కూడా మీ తమ్ముడు ఉన్న ఫుజియెన్ రాష్ట్రంలోనివే. షుయ్‌టౌలో ఏ రాతి గోడౌన్‌కి వెళ్లినా ముందు టీ బల్ల దగ్గర కూర్చోబెడతారు, బ్లాకులో చార గురించి వాదన, రేటు, పేమెంటు గొడవ అన్నీ ఆ బల్ల దగ్గరే తేలాలి. అలా గంటల తరబడి బేరాల మధ్య చిన్న చిన్న కప్పులతో నాకు ఈ టీ అలవాటైంది, తర్వాత అది వ్యాపారాన్ని మించి పట్టుకుంది. అక్కడివాళ్ల మిన్నాన్ భాషలో టీని "తే" అంటారు. గుమ్మంలో అడుగుపెట్టగానే "లిమ్ తే" అంటారు, టీ తాగు అని. మన తేయాకులో ఉన్న "తే", టీ అనే మాట, రెండూ ఆ తీరం నుంచి ఓడలెక్కి బయల్దేరినవే. చాయ్ మాత్రం చైనాలో మిగతా చోట్ల వాడే "ఛా" నుంచి భూమార్గంలో వచ్చింది. మా ఒంగోల్లో టీ, హైదరాబాద్‌లో చాయ్, అలా రెండు దార్లూ మన భాషలోకే చేరాయి. టీ ఆకుని వాళ్లు "తే బీ" అంటారు, అంటే టీ బియ్యం. ఇంట్లో బియ్యం లేకపోతే ఎలాగో ఇది లేకపోయినా అలాగే వాళ్లకి.

పొగ సంగతి ముందు తేల్చేస్తాను. పొగబెట్టిన టీ ఒకటి నిజంగానే ఉంది, ఫుజియెన్‌లోనే ఉన్న వూయీ కొండల్లో తోంగ్‌ము అనే పల్లెలో పైన్ కట్టెల పొగలో ఆరబెడతారు, బయట లాప్సాంగ్ సూచోంగ్ అనే పేరుతో అమ్ముతారు. అది ఊలాంగ్ కాదు, మనం రోజూ తాగే టీ జాతిది. మీ డబ్బాలోది కూడా ఆ వూయీ కొండల టీయే, కానీ దానికి పొగ తగలనే కూడదు, పొగ తగిలిందంటే చేసినవాడు తప్పు చేసినట్టు.

ఊలాంగ్ అంటే ఏమిటో క్లుప్తంగా. వంకాయ కోసి గాలికి వదిలేస్తే ముక్క నల్లబడుతుంది కదా, టీ ఆకు కూడా నలిగితే అలాగే ఎర్రబడుతుంది. గ్రీన్ టీలో అసలు ఎర్రబడనివ్వరు, మన టీలో పూర్తిగా ఎర్రబడనిస్తారు, ఊలాంగ్‌లో మధ్యలో ఒక చోట ఆపుతారు. వూయీలో ఏప్రిల్ చివర్నుంచి మే సగం దాకా కోత. మొగ్గ కోయరు, విచ్చుకున్న మూడు నాలుగు ఆకుల కొస కోస్తారు, ఎందుకంటే లేత మొగ్గ తర్వాత వచ్చే సెగకి నిలవదు. ఎండలో వాడనిచ్చి, రాత్రంతా వెదురు తట్టల్లో కుదుపుతూ, ఆపుతూ, మళ్లీ కుదుపుతూ ఉంటారు. అంచులు నలిగి ఎర్రబడతాయి, మధ్య పచ్చగా ఉంటుంది. ఆ రాత్రి గదిలో వాసన గడ్డి నుంచి పువ్వుకి, పువ్వు నుంచి పండుకి మారుతుందట, అది సరైన చోట ఉండగా వేడి మూకుడులో వేసి ఆపేస్తారు. తర్వాత నులిమి, ఆరబెట్టి, తట్టలు ముందు పెట్టుకుని కాడలూ పండుటాకులూ ఏరిపారేస్తారు. ఇంతవరకూ జరిగింది సగం పనే.

మిగతా సగం నేను కళ్లారా చూశాను. ఒక జూన్ నెలాఖరులో మా దగ్గర రాయి కొనే ఒకాయన, టీ కాచే తన బావమరిది దగ్గరకి, ఆ కొండల దగ్గరి వూయీషాన్ ఊరికి తీసుకెళ్లాడు. బయట వాన, లోపల పొడుగాటి గది, గోడ పొడవునా మోకాలెత్తు ఇటుకల అరుగు, అరుగులో వరసగా గుండ్రటి గుంటలు, ఒక్కోటి మన కుంపటి కంటే వెడల్పు, ఇంకా లోతు. ముందు రోజే బొగ్గులు నింపి అంటించి, పొగా మంటా పూర్తిగా చచ్చేదాకా ఆగి, ఆ నిప్పుల్ని దంచి గట్టిగా అదిమి, పైన తెల్లటి బూడిద కప్పి ఉంచారు. నివురుగప్పిన నిప్పు అని మనం మాట వరసకి వాడతాం, దాన్నే పనిముట్టుగా వాడటం నేను అక్కడే చూశాను. ఎక్కడా ఎరుపు కనిపించదు, మొహం మాత్రం మాడిపోతుంది. ఆ బావమరిది చేతిలో బల్లపరుపుగా ఉన్న చిన్న తెడ్డు ఒకటి ఉంది, దాంతో బూడిదని ఒక వేలు మందం పక్కకి లాగుతాడు, సెగ పెరుగుతుంది, మళ్లీ కప్పుతాడు, తగ్గుతుంది. అదే ఆయనకి గ్యాస్ స్టవ్ మీద మర లాంటిది.

గుంట మీద వెదురు బుట్ట, డమరుకంలా నడుం సన్నగా ఉంటుంది, ఆ నడుం దగ్గర ఒక జల్లెడ, జల్లెడ మీద టీ ఆకు. కాసేపటికోసారి ఆకుని కిందా మీదా చెయ్యాలి. నేను అక్కడే తిరగేస్తాడనుకున్నాను. అలా కాదు, బుట్టని మొత్తంగా ఎత్తి పక్కన పెద్ద పళ్లెంలో పెట్టి అందులో తిరగేశాడు, తర్వాత బుట్ట పక్కల మీద అరచేత్తో తట్టి, రాలాల్సిన పొడి అంతా పళ్లెంలో రాలాకే మళ్లీ నిప్పు మీద పెట్టాడు. ఎందుకంటే చిటికెడు ఆకు పొడి నిప్పు మీద పడినా పొగ లేస్తుంది, ఆ పొగ నేరుగా పైనున్న ఆకుని పట్టుకుంటుంది. ప్రతి బుట్టకీ, ప్రతిసారీ, రాత్రి పొడుగునా అదే పని. థర్మామీటర్ లేదు. బుట్ట బయట చెయ్యి వెనకభాగం ఆనించి చూస్తాడు, ఒంగి వాసన చూస్తాడు, అంతే.

ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుంది అని అడిగించాను. ఆయన చెప్పిన జవాబు వింటుంటే నాకు మా అమ్మ నెయ్యి కాచడమే గుర్తొచ్చింది. ముందు పచ్చి వాసన పోతుంది, తర్వాత గింజలు వేగిన వాసన, తర్వాత ఒక తియ్యటి వాసన లేస్తుంది, దాని తర్వాతది రాకముందే దించాలి అన్నాడు. వెన్న కరిగి చిటపటలు ఆగి కమ్మటి వాసన లేచే ఆ క్షణం ఎంతసేపుంటుందో మీకు తెలుసు, పక్కకి తిరిగి ఫోన్ ఎత్తితే అయిపోతుంది. కాకపోతే నెయ్యి పావుగంట పని, ఇది పది పన్నెండు గంటల పని. ఈ పద్ధతిని "దున్ హువో" అంటారు, సన్నసెగ మీద మగ్గబెట్టడం. కందిపప్పు దోరగా వేయించడానికీ, పెద్ద మంట మీద మాడ్చడానికీ ఉన్న తేడాయే ఇక్కడా. సన్నసెగలో ఆకులోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి వేరుశనగపప్పు వేగినప్పటి లాంటి కమ్మదనం పుట్టిస్తాయి, వగరు తగ్గుతుంది, తేమ పోతుంది. పెద్ద సెగ పడితే ఆకు పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది, అలాంటి టీ మొదట కాఫీలా ఉండి తర్వాత పచ్చి గడ్డిలా దిగుతుంది.

ఇప్పుడు చాలాచోట్ల కరెంటు ఓవెన్లు వచ్చాయి. కరెంటుతో కాచిందల్లా చెత్త అనేవాళ్లతో నేను ఏకీభవించను, తక్కువ ధర టీల్లో ఓవెన్‌లో శుభ్రంగా కాచింది చేతకానివాడు బొగ్గుల మీద కాచినదానికంటే చాలా మేలు. కానీ చేయి తిరిగినవాడు బొగ్గుల మీద కాచిన మంచి ఆకు ఎనిమిదో నీళ్లలో కూడా, అంటే అదే ఆకు మీద ఎనిమిదోసారి పోసిన వేణ్నీళ్లలో కూడా, పలుచబడకుండా నిలబడుతుంది, ఆ నిలకడ నాకు ఓవెన్ టీలో ఇంతవరకూ దొరకలేదు.

ఇక మీ మాడు వాసనకి అసలు కారణం దగ్గరికి వస్తున్నా. సెగ మీద కాచిన ఆకుని వెంటనే వాడరు. "తుయ్ హువో" అంటారు, నిప్పు వెనక్కి తగ్గడం అని అర్థం. ఒకసారి కాచి కొన్ని వారాలు మూసి ఉంచుతారు, మళ్లీ కాచి మళ్లీ ఉంచుతారు, కొన్నిటికి మూడోసారి కూడా. అందుకే మే నెలలో కోసిన ఆకు దసరా రోజులకి గానీ బజారుకి రాదు, గట్టిగా కాచింది మరుసటి ఏడు దాకా కూడా ఆగుతుంది. కొత్త బియ్యం ముద్దయిపోతుందని పాత బియ్యం కోసం అడుగుతామే, కొత్తావకాయ ఘాటు దిగాలని ఆగుతామే, అదే లెక్క. తాజాది గొప్పది అనే మాట గ్రీన్ టీకి సరిపోతుంది, దీనికి తిరగబడుతుంది. మీ డబ్బా బహుశా ఈ ఏడాది సరుకు, సెగ ఇంకా పైన తేలుతోంది. మూత తీసి ఆకుని ఒక పొడి పింగాణీ జాడీలోకి మార్చి, మూత పెట్టి వారం రోజులు పోపుల పెట్టెకి దూరంగా ఉంచండి. మరీ ఘాటుగా ఉంటే రెండు మూడు నెలలు మర్చిపోండి, నష్టమేమీ లేదు.

మీకొచ్చిన అనుమానం కొత్తదేం కాదు. యువాన్ మెయ్ అని 18వ శతాబ్దపు చైనా కవి, భోజనప్రియుడు, ఆయనకీ వూయీ టీ అంటే గిట్టేది కాదు, చిక్కగా చేదుగా మందు తాగినట్టుంటుందని. మీరు రాసిన "కషాయం" మాటే. 1786లో వూయీ కొండలకి వెళ్తే అక్కడి సాధువులు అక్రోటు కాయంత కప్పుల్లో, మాదీఫలమంత చిన్న కూజా నుంచి పోసి ఇచ్చారు. ముందు వాసన చూసి, కొద్దికొద్దిగా నోట్లో నిలిపి తాగితే అప్పుడు గానీ ఆయనకి ఆ టీ అర్థం కాలేదు, అభిప్రాయం మార్చుకుని రాసిపెట్టాడు. ఆకు అదే, గిన్నె సైజు మారింది.

ఈ సెగ ఆచారం ఎందుకు నిలిచిందంటే ఫుజియెన్‌లో తేమ ఎక్కువ, నెలల తరబడి వానలు. పచ్చిగా ఉన్న టీ ఆ గాలిలో త్వరగా మెత్తబడిపోతుంది. కొండల మీంచి నది మీద, నది నుంచి రేవుకి, రేవు నుంచి సింగపూర్, మలేషియాల్లో స్థిరపడిన వాళ్ల దాకా వెళ్లాలంటే ఆకు గట్టిగా ఆరి ఉండాలి. అలా అవసరం కోసం మొదలైంది రుచిగా స్థిరపడింది, మన ఒరుగులూ ఊరగాయలూ ఎలా స్థిరపడ్డాయో అలాగే.

రుచి గురించి. పాతకాలం నుంచీ వూయీలో నాలుగు మాటలు చెప్తారు: వాసన, స్వచ్ఛత, తీపి, జీవం, ఇదే వరస. వాసన అందరికీ అందుతుంది, మాటల్లో చెప్పలేనిది ఆ చివరి జీవమే. నా అనుభవంలో మంచి దా హోంగ్ పావ్ మొదటి రెండు నీళ్లలో సెగే ముందుంటుంది, వేయించిన గింజలు, కొద్దిగా మాడిన బెల్లప్పాకం. మూడో నీళ్లకి సెగ పక్కకి జరుగుతుంది, వెనకనుంచి పువ్వో పండో ఏదో ఒకటి బయటికొస్తుంది. ఐదో నీళ్లకి మింగిన కాసేపటికి గొంతు లోపల్నుంచి తీపి ఊరుతుంది, ఉసిరికాయ తిని నీళ్లు తాగినట్టు. ఇవన్నీ దాటాక నాలుక మీద ఏదో బరువు మిగులుతుంది, దాన్ని "యెన్ యున్" అంటారు, రాతి పస అనుకోండి. క్వారీలో రాయి కోసే వైర్ సా తిరుగుతున్నప్పుడు నీళ్లు పడిన రాయి నుంచి ఒక చల్లటి వాసన వస్తుంది, నాకు ఆ బరువులో అదే అందుతుంది. అక్కడి రాయి మన గ్రానైట్ కాదు, ఎర్రటి ఇసుకరాయి, గులకలు కలిసిన రాయి, ఆ కొండ చీలికల్లో మట్టి తక్కువ, నీడ ఎక్కువ, వాన నీళ్లు రాతి మీంచి కారి చెట్ల మొదట్లోకి వస్తాయి. అందుకే ఈ టీల్ని యెన్ ఛా, అంటే రాతి టీ అంటారు. కొండల లోపలి లోయల్లో పండింది జెంగ్ యెన్, అసలు రాతి టీ, నియులాన్‌కెంగ్ అనే లోయలో పండిన రౌ గుయ్ రకానికైతే ధర వింటే గుండె జారుతుంది. రౌ గుయ్ అంటే దాల్చినచెక్క, మంచిదైతే నిజంగానే ఆ ఘాటు ముక్కుకి తగులుతుంది. షుయ్ షియెన్ అని ఇంకోటి, దాని వాసన మెల్లగా వస్తుంది, నోట్లో మాత్రం గంజిలా నిండుగా ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను దాన్నే చెప్తాను, పెట్టడంలో తప్పు జరిగినా క్షమిస్తుంది.

దా హోంగ్ పావ్ పేరు చూసి కంగారు పడకండి. పేరుకి అర్థం పెద్ద ఎర్ర అంగీ, ఈ చెట్టు టీ తాగి జబ్బు నయమైన పండితుడు తన రాచ అంగీ తెచ్చి చెట్టుకి కప్పాడని కథ. జియులోంగ్‌కో అనే చోట రాతి గోడ మీద ఆరు తల్లి చెట్లు ఇప్పటికీ ఉన్నాయి, 2006 నుంచి వాటి ఆకు కొయ్యడం మానేశారు, చివరి కోతలోది 20 గ్రాములు 2007లో బీజింగ్ జాతీయ మ్యూజియంకి ఇచ్చారు. కాబట్టి మీ డబ్బాలోది ఆ చెట్లది కాదు, ఎవరి డబ్బాలోదీ కాదు. అమ్మే దా హోంగ్ పావ్‌లో ఎక్కువ భాగం రౌ గుయ్, షుయ్ షియెన్ లాంటి రెండు మూడు రకాలు కలిపి కాచినది. అది మోసం కాదు, కలపడం కూడా ఒక విద్యే. డబ్బా మీద జీబీ/టీ 18745 అనే నంబరు ఉందేమో చూడండి, అది వూయీ రాతి టీకి చైనా ప్రభుత్వం పెట్టిన ప్రమాణం. నంబరు ఉన్నంత మాత్రాన గొప్ప టీ అని కాదు, ఏ జాతి టీయో తెలుస్తుంది.

ఇప్పుడు పెట్టే పద్ధతి, ఇది జాగ్రత్తగా చదవండి. ఆకుని నీళ్లలో వేసి మరిగించొద్దు. మీ ఐదు నిమిషాల మరుగులో ఎనిమిది కప్పుల్లో మెల్లగా దిగాల్సిందంతా ఒకేసారి దిగిపోయింది, అందుకే కషాయం. వాళ్లు గైవాన్ అనే మూత ఉన్న చిన్న పింగాణీ కప్పు వాడతారు, 100 మిల్లీలీటర్లు పడుతుంది. మీ ఇంట్లో లేకపోతే ఒక చిన్న పింగాణీ కప్పు, పైన సాసర్, పక్కన టీ వడకట్టే జాలి చాలు. డబ్బాలో చిన్న చిన్న ప్యాకెట్లు ఉంటే ఒక్కోటి సాధారణంగా 8 గ్రాములు ఉంటుంది, అది ఆ కప్పుకి సరిపోతుంది, మొదటిసారి సగం ప్యాకెట్‌తో చూడండి. చూడ్డానికి ఆకు చాలా ఎక్కువనిపిస్తుంది, భయపడకండి. నీళ్లు మాత్రం సలసలా మరగాలి, గ్రీన్ టీకి చెప్పినట్టు చల్లార్చిన నీళ్లు వద్దు, కాచిన ఆకు వేడినీళ్లకే విచ్చుకుంటుంది. బోరు నీళ్లయితే వాడకండి, ఉప్పదనం ఈ టీని చంపేస్తుంది, ఫిల్టర్ నీళ్లు వాడండి.

ముందు ఖాళీ కప్పుని వేణ్నీళ్లతో వేడిచేసి పారబోయండి, పొడి ఆకు వేసి మూత పెట్టి రెండుసార్లు కుదిపి వాసన చూడండి. మాడు వాసన కింద బెల్లమో పువ్వో తగిలితే ఆకు బాగున్నట్టే. మరిగే నీళ్లు పోసి వెంటనే వంచేయండి, అది కడుగు, తాగక్కర్లేదు. రెండోసారి పోసి ఐదంటే ఐదు సెకన్లు లెక్కపెట్టి వంచండి, చుక్క కూడా మిగలకుండా. మిగిలిన చుక్క తర్వాతి కప్పుని చేదు చేస్తుంది, ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే. మూడో నాలుగో సారీ అంతే, ఆ తర్వాత ఒక్కోసారికి ఐదు పది సెకన్లు పెంచుకుంటూ పోండి. ఏడెనిమిది సార్లు వస్తుంది. ఇంత తీరిక లేని రోజు పెద్ద మగ్గులో అరచెంచా ఆకు వేసి వేణ్నీళ్లు పోసి ఆకుతోనే వదిలేసి తాగుతూ ఉండండి, షుయ్‌టౌలో లారీ డ్రైవర్లు ఫ్లాస్కుల్లో తాగేది అలాగే. పాలు, పంచదార మాత్రం వద్దు, పాలు పోస్తే సెగ ఒక్కటే మిగిలి మిగతావన్నీ పోతాయి. పాలతో కావాలంటే మనం రోజూ వాడే సీటీసీ టీ పొడి ఉండనే ఉంది, ఆ పనికి దాన్ని మించింది లేదు.

తాగడం అయ్యాక అసలు పరీక్ష. నానిన ఆకుని తెల్లటి ప్లేటులో పరవండి, వేలితో విప్పండి. బాగా కాచిన ఆకు ముదురు గోధుమ రంగులో ఉన్నా మెత్తగా విచ్చుకుంటుంది, కొన్ని ఆకుల వీపు మీద చిన్న చిన్న బొబ్బలు కనిపిస్తాయి, దాన్ని వాళ్లు కప్ప తోలు అంటారు, ఓపిగ్గా సెగ పెట్టారనడానికి గుర్తు. ఆకు బొగ్గులా నల్లగా గట్టిగా ముడుచుకునే ఉండి, విప్పబోతే విరిగిపోతే మాత్రం అది మాడిందే. నాకు మొదటి రోజుల్లో ఇదే జరిగింది. ఒక టూరిస్టు వీధిలో ఒక షాపువాడు గొప్ప లోయ పేరు చెప్పి అరకిలో అమ్మాడు, బ్రహ్మాండమైన సెగ వాసన, నాకేం తెలుసు, అదే నాణ్యత అనుకున్నాను. మూడో నీళ్లకి బొగ్గు నీళ్లు తప్ప ఏమీ లేదు, ఆకు ఒక్కటీ విచ్చుకోలేదు. గట్టి సెగ కింద ముదురాకునీ, తేమ తగిలి పాడైన ఆకునీ, పోయినేడాది మిగిలిందాన్నీ అన్నిటినీ దాచెయ్యొచ్చు, మసాలా దట్టించి పాచిన కూర దాచినట్టు. ఇలాంటి సరుకు అమ్మేవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే, ఎందుకంటే మొదటిసారి అది తాగినవాడు ఈ టీ జాతి మొత్తానికీ దూరమైపోతాడు. రాత్రంతా నిద్ర మానుకుని బుట్టలు తిప్పిన ఆ పెద్దమనిషి కష్టం కూడా దాంతోపాటే పోతుంది.

వూయీ ఒక్కటే అనుకోకండి. షుయ్‌టౌకి దగ్గర్లోనే ఆన్‌షీ ఉంది, తియె గువాన్ యిన్ అనే ఉండ చుట్టిన టీకి పుట్టిల్లు. అక్కడ 1990ల తర్వాత పచ్చగా, పూల వాసనతో ఉండే రకం బాగా ఊపందుకుంది, ఫ్రిజ్‌లో పెట్టుకుని తాగుతారు, కాచే విద్య ముసలివాళ్ల చేతుల్లో మిగిలింది. ఈమధ్య కాచినదాన్ని అడిగేవాళ్లు మళ్లీ కనిపిస్తున్నారు, నాకు సంతోషమే. పక్క రాష్ట్రం గువాంగ్‌డోంగ్‌లో చావ్‌జౌ ఊళ్లో ఫీనిక్స్ కొండల దాన్ త్సోంగ్ అనే ఊలాంగ్ టీలు ఉంటాయి, ఒక్కో చెట్టుకి ఒక్కో వాసన పేరు, "బాతు రెట్ట వాసన" అనే పేరున్నది కూడా ఉంది, పేరుకీ రుచికీ సంబంధం లేదు, సంపెంగ లాంటి పూల వాసన. అక్కడ ఎంతమంది కూర్చున్నా బల్ల మీద మూడే కప్పులు, మూడింటి మీదా కూజాని గుండ్రంగా తిప్పుతూ పోస్తారు, అన్ని కప్పుల్లో ఒకే చిక్కదనం రావాలని. చివరి చుక్కలు కూడా ఒక్కో కప్పులో లెక్కగా పంచుతారు. ముందు పెద్దవాళ్లు, అతిథులు తీసుకుంటారు, తాగిన కప్పు కడిగి తర్వాతివాళ్లకి. పోస్తే ముప్పావు కప్పే పోస్తారు. నిండుగా పోస్తే మర్యాద అనుకునే మనకి ఇది వింతగా ఉంటుంది, అక్కడ నిండుగా పోస్తే చెయ్యి కాలి అతిథి ఇబ్బంది పడతాడని లెక్క. పోస్తున్నప్పుడు బల్ల మీద రెండు వేళ్లతో తడితే థాంక్స్ చెప్పినట్టు. మీ తమ్ముడికి ఇది నేర్పండి, ప్రొఫెసర్ల ముందు పనికొస్తుంది.

కెఫీన్ గురించి కూడా ఒక మాట. ఆకుని సెగ మీద కాచితే కెఫీన్ పోతుందని కొందరు చెప్తారు, ఆ సెగకి పెద్దగా పోదు. రాత్రి తొమ్మిది తర్వాత తాగితే మీకు నిద్ర పట్టకపోవచ్చు. పరగడుపున పచ్చ టీ కంటే కాచిన టీ కడుపుకి హాయిగా ఉంటుందని ఫుజియెన్ పెద్దవాళ్లు గట్టిగా చెప్తారు, నా కడుపుకీ అదే అనుభవం, అయినా మీరు ఏదైనా తిన్నాకే మొదలుపెట్టండి. నిల్వకి ఫ్రిజ్ వద్దు, గాలి చొరబడని డబ్బా చాలు. మన కోస్తా వానాకాలంలో ఆకు మెత్తబడితే శుభ్రంగా కడిగి ఆరబెట్టిన మందపాటి మూకుడులో, పోపు వాసన అస్సలు లేనిదాన్లో, స్టవ్ అతి సన్నగా పెట్టి పది నిమిషాలు చేత్తో కలుపుతూ వెచ్చచెయ్యండి. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే దించెయ్యండి.

వారం ఆగి, నేను చెప్పినట్టు పెట్టి చూసి, నానిన ఆకు తెల్ల ప్లేటులో పరిచి పగటి వెలుతురులో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, డబ్బా వెనకవైపు అచ్చువేసిన తేదీ కూడా కనిపించేలా ఇంకోటి. ఆకు చూస్తే సెగ ఎంత పడిందో, ఇంకెన్నాళ్లు ఉంచితే బాగుంటుందో చెప్తాను.